కుట్టేసిన పేజీలు

మిషను ఆగడం లేదు.

పొద్దున లేచినప్పటి నుంచీ ముందుగదిలో టకటకా టకటకా ఒకటే చప్పుడు. ఆదివారం పూట ఏ బడివాళ్ళకి అంత తొందరగా యూనిఫారాలు కావలసి వచ్చాయో ఎవరికీ తెలీదు. అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు. పెద్దకోడలి కోపం నోట్లోంచి కంటే ముందు కాళ్ళలోంచి వస్తుందని చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తల్లోనే కనిపెట్టింది. మామూలు కోపమైతే ఒక కాలరు కుట్టేసరికి చల్లారుతుంది. ఇవాళ కాలర్లు అయిపోయాయి, చేతులు అయిపోయాయి, జేబులు కూడా అయిపోవచ్చాయి. కోపం మాత్రం అలాగే ఉంది.

చిన్నకోడలు వంటింట్లో గుడ్డు ఉడకబెట్టింది. పెంకు వలిచి, అడ్డంగా రెండు చెక్కలు కోసి, పళ్ళెంలో రెండు కళ్ళలా పెట్టింది. కింద బ్రెడ్డు ముక్కని వంకీగా కత్తిరించి నవ్వే మూతి చేసింది. చేస్తుండగా తనకే నవ్వొచ్చింది. వెంటనే, నవ్వే ముహూర్తమా ఇది అని తనని తనే కసురుకుంది.

ఆ పళ్ళెం నలుసు కోసం. నలుసు పెద్దకోడలి కూతురు. పుట్టినప్పుడు రెండు అరచేతుల్లో ఇమిడిపోయిందని నానమ్మ పెట్టిన ముద్దుపేరు, బడికి వెళ్తున్నా అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల పొద్దుటి నుంచీ మిషను బల్ల కింద, తల్లి పాదాల పక్కన, గుడ్డపేలికల మధ్య కూర్చుని ఉంది. రాత్రంతా కళ్ళు మూయలేదు. పాలు ముట్టలేదు. ఏడుపు కూడా లేదు. ఏడిస్తే ఎత్తుకుని ఊరుకోబెట్టొచ్చు. ఊరుకున్న పిల్లని ఏం చేస్తాం?

చిన్నకోడలు పళ్ళెం పట్టుకుని బల్ల ముందు వంగగానే మిషను ఆగింది.

పెద్దకోడలు గుడ్డు కళ్ళ వైపు చూసింది. బ్రెడ్డు మూతి వైపు చూసింది.

"బావుందమ్మా. రాత్రి ఏడిపించేదీ నువ్వే, పొద్దున నవ్వించేదీ నువ్వే. ఇంక కన్నదాన్ని నేనెందుకు, దండగ."

"అక్కా, నేను..."

"పళ్ళెం అక్కడ పెట్టి వెళ్ళు."

పెట్టి వచ్చేసింది. వెనక మళ్ళీ టకటకా మొదలైంది.

రాత్రి జరిగింది తలుచుకుంటే చిన్నకోడలికి ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంది. రోజూ పడుకునే ముందు నలుసుకి పుస్తకం చదవడం ఆమె పని. ఎవరూ అప్పజెప్పలేదు, తనే లాక్కుంది. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో వచ్చినవాళ్ళ ముక్కులకి ఫ్రేములు సరిచేసి ఇంటికొచ్చాక, ఆ పిల్ల తడి జుట్టు తన భుజానికి ఆనించుకుని "ఊ, చదువు" అంటుంటే, ఈ ఇంట్లో తనకి మొగుడొక్కడే కాదు, ఇంకా చాలా దొరికాయని మురిసిపోయేది.

పుస్తకాలన్నీ పాతవే. పెద్దకోడలు పాతకాగితాల కొట్లో తూకానికి కొని తెస్తుంది. వాటిలో ఒక వింత ఉంది. చాలా పుస్తకాల్లో మధ్యలో రెండో మూడో కాగితాలు అంచుల వెంట దారంతో కలిపి కుట్టేసి ఉంటాయి. తెల్లదారం, బియ్యపు నూకల్లాంటి కుట్లు, పట్టి చూస్తే తప్ప కనపడవు. పాత పుస్తకం కదా, చిరుగుతుందని దర్జీ మనిషి తన పద్ధతిలో బాగు చేసుకుందనుకుంది చిన్నకోడలు. మీ వదిన పుస్తకాలకి కూడా అంచు కుడుతుందని మొగుడితో చెప్పి నవ్వింది కూడా. అతనూ నవ్వాడు. నవ్వి ఊరుకున్నాడు.

నిన్న రాత్రి కొంగల పుస్తకం. తండ్రి కొంగ చేపల కోసం ఎగిరి వెళ్ళింది. తర్వాత కుట్టు. కుట్టు దాటితే తల్లీ పిల్లా ఆకాశంలో ఎగురుతున్నాయి. మధ్యలో ఏమైందో తెలియకుండా కథ గోడ దూకినట్టుంది. చిన్నకోడలు సంచిలోంచి కళ్ళజోళ్ళ మరలు తిప్పే సన్న స్క్రూడ్రైవరు తీసింది. దాని మొనతో ఒక్కొక్క కుట్టే ఎత్తి, దారం లాగేసి, లోపలిది చదివింది.

తండ్రి కొంగ తిరిగి రాలేదు. నీళ్ళు పెరిగాయి. గూటి అంచుదాకా వచ్చాయి. తల్లి ఇంకో పూట చూద్దాం, ఇంకో పూట చూద్దాం అనుకుంటూ కూర్చుంది. చివరికి పిల్లని ముక్కుతో గూట్లోంచి తోసి, తనూ ఎగిరింది. అంతే కథ. రాసినవాళ్ళు ఎవరోగానీ ఒక్క మాట ఎక్కువ రాయలేదు. చదువుతుంటే చిన్నకోడలి కన్నీళ్ళు పేజీ మీద పడ్డాయి. నలుసు మెడ చుట్టూ చేతులు వేసి అతుక్కుపోయింది, వేడి కన్నీళ్ళు భుజంలోకి దిగాయి. ఆ క్షణాన ఆమెకి కలిగింది సంతోషమే. ఈ పిల్ల నాదైపోయింది అనుకుంది.

అప్పుడు నలుసు తలెత్తి, ఓడలో పని అయిపోతే మనుషుల్ని దింపేస్తారు కదా పిన్నీ, అని అడిగింది.

ఆ ఓడ ఈ ఇంటివాళ్ళు కట్టిన ఓడ. నలుసు తండ్రి రేవులో క్రేను నడుపుతాడు. పోయిన వానాకాలంలో ఇల్లు వదిలి వెళ్ళాడు. వెళ్ళింది ఏ సముద్రం మీదికీ కాదు, రైలుపట్టాలకి అవతల, రేవు క్యాంటీను నడిపే ఆవిడ ఇంటికి. వీధిలో సగంమందికి తెలుసు. పిల్లకి మాత్రం నాన్న ఓడెక్కాడని చెప్పారు. ప్రతి ఆదివారం సాయంత్రం ఆ ఓడ నుంచి ఫోను వస్తుంది. కొత్తగా వచ్చిన చిన్నకోడలికి మొగుడు ఇదంతా చెప్పాడు. పిల్ల దగ్గర నోరు జారకు అన్నాడు. పేజీల సంగతి మాత్రం చెప్పలేదు.

నలుసు అడిగినదానికి ఆమె పడుకో అంది. అంతకంటే ఒక్క మాట దొరకలేదు.

*

అత్తగారు స్నానం చేసి వచ్చి ముందుగదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆవిడ టెలిఫోను ఆఫీసులో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరి మాట ఎవరికి కలపాలో, ఎవరిది ఎక్కడ తెంపాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. ఓడ కథ కూడా ఆవిడ కలిపిన లైనే.

ఆవిడ తీర్పు చెప్పేశారు. ఇంట్లో ఉన్న కథల పుస్తకాలన్నీ కట్టకట్టి అటక మీద పడేయాలి. రేపటి నుంచి పిల్లని ఎనిమిది కొట్టకముందే దీపం ఆర్పి పడుకోబెట్టాలి. సాయంత్రం ఫోను ఎప్పటిలాగే రావాలి, పిల్ల ఎప్పటిలాగే మాట్లాడాలి. మనం తెలిసేట్టు చెయ్యకపోతే దానికేం తెలుస్తుంది, పసిముండ, నాలుగు రోజుల్లో మర్చిపోతుంది అన్నారు.

మిషను చక్రం మీద పెద్దకోడలి చెయ్యి ఆగిపోయింది.

"నాలుగు రోజుల్లో మర్చిపోయింది మీ అబ్బాయి అత్తయ్యా. నా కూతురు కాదు."

"వాడి మాట ఇప్పుడెందుకు?"

"ఎప్పుడూ ఎందుకనే అంటారు. అందుకే ఇక్కడిదాకా వచ్చింది."

అత్తగారు కుర్చీ వెనక్కి జరిపి లేచి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ చిన్నకోడలి వైపు ఒక చూపు విసిరారు. ఇంటికి నిప్పు పెట్టి మంట కాచుకుంటున్నావా అన్నట్టుంది ఆ చూపు.

చిన్నకోడలికి అప్పుడు మండింది. పొద్దుటి నుంచీ దొంగలా వంటింట్లో నక్కి ఉంది. ఇంక చాలనిపించింది. నేరుగా వచ్చి మిషను ఎదురుగా నిలబడింది.

విప్పేముందు అడగకపోవడం తన తప్పేనంది. కానీ రోజూ రాత్రి పిల్లని తన పక్కన కూర్చోబెట్టి, చేతికి పుస్తకం ఇచ్చి పంపించేవాళ్ళు, ఇదిగో ఇక్కడ గొయ్యి ఉంది చూసి నడువు అని ఒక్క మాట చెప్పొద్దా? కుట్లు ఎందుకో చెప్పడానికి ఇంట్లో ఒక్కరికి నోరు రాలేదు గానీ, తిట్టడానికి మాత్రం అందరికీ వచ్చింది.

పెద్దకోడలు అంతా విన్నది. నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది.

"కుట్టి ఉన్నదాన్ని విప్పేముందు కుట్టిన మనిషిని అడుగుతారు. చొక్కాకైనా అంతే. నీకది చెప్పాలని నాకు తోచలేదు."

"నేను మంచికే..."

"నువ్వు మంచికి చదవలేదు. నువ్వు ఏడవడానికి చదివావు. నీకది బావుంటుంది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, హాయిగా నీ గదిలోకెళ్ళి నీ మొగుడి పక్కన పడుకుంటావు. అది అలా కాదు. అది కథలోకి వెళ్తే తిరిగి రాదు. ఒకసారి చీమల కథ చదివితే కాలు కింద పెట్టనని నా చంక దిగలేదు, తొక్కేస్తానేమోనని. జ్వరం తెచ్చుకుంది. నువ్వప్పటికి ఈ ఇంటికి రాలేదు."

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. మెడ చుట్టూ చేతులు పడ్డప్పుడు తను పొందిన సంతోషం ఈవిడకి ఎలా తెలిసిపోయిందో చిన్నకోడలికి అర్థం కాలేదు.  సిగ్గుని కప్పుకోడానికి కోపం కంటే దగ్గరలో ఏదీ దొరకలేదు.

"అయితే జన్మంతా కుట్టుకుంటూ పోతారా? దాన్ని బడికి పంపిస్తున్నారు. అక్కడి పుస్తకాలకి ఎవరు కుడతారు?"

"ఏడుపు కథ వద్దని నేను అనలేదు. పగలు చదువు. పగలైతే ఏడ్చి, లేచి, ఆటకి పోతుంది. పడుకునే ముందు చదివితే ఆ కొంగని పక్కలో పెట్టుకుని పడుకోవాలి పిల్ల. చీకట్లో దానికి ఎవరు దొరుకుతారు అడగడానికి?"

"పగలే ఎవరూ దొరకరు అక్కా. మీరు మిషను మీద ఉంటారు, నేను దుకాణంలో ఉంటాను. ఆటల్లో ఏడిస్తే తోటిపిల్లలు వెక్కిరిస్తారు. రాత్రైతేనే పట్టుకోవడానికి పక్కన ఒక మనిషి ఉంటుంది."

"ఉంటే? పట్టుకుని అడిగింది కదా. ఏం చెప్పావు?"

చిన్నకోడలు మిషను మీంచి జారుతున్న చొక్కాని పైకి లాగింది.

"పడుకో అన్నావు. నాకు చెప్పింది." పెద్దకోడలు సూదిలోకి దారం ఎక్కించింది. రెండుసార్లు తప్పింది. "జవాబు చెప్పగలిగేవాళ్ళు చదవాలి అలాంటివి. చెప్పలేను కాబట్టే నేను కుట్టాను. ఇంక దానికి నువ్వు చదవక్కర్లేదు. నా పక్కలో పడుకుంటుంది."

ఆ ఒక్కటీ చెప్పకుండా ఉంటే బావుండేది. మిగతా తిట్లన్నీ దులిపేసుకోవచ్చు. చిన్నకోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. చెప్పేస్తే తన తప్పు సగం తీరిపోతుంది. కానీ బల్ల కింద నుంచి రెండు కళ్ళు తననే చూస్తున్నాయి. ఆమె పెదవి కొరుక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

మధ్యాహ్నం మొగుడొచ్చాడు. ఎక్కడో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిందని పొద్దున్నే వెళ్ళినవాడు. వస్తూ కాగితం పొట్లంలో వేయించిన వేరుశెనగలు తెచ్చాడు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. మామూలప్పుడైతే ఆమె ఆ పొట్లాన్ని చెంపకి ఆనించుకునేది. ఇద్దరూ వెనక బాల్కనీలో ఉతికిన గుడ్డల మధ్య దాక్కుని, ఎవరికి ఎక్కువ వచ్చాయో దెబ్బలాడుకుంటూ తినేవాళ్ళు.

బాల్కనీలోకే పిలిచింది. తడి దుప్పటి పక్కకి జరిపి, పొట్లం అందుకోబోయి, అతని చేతులు చూసింది.

లిఫ్టుల మెకానిక్కు చేతులెలా ఉంటాయో ఆమెకి తెలుసు. గోళ్ళ చుట్టూ నల్ల గ్రీజు. అతను ముట్టుకున్న గ్లాసు మీద బొటనవేలి ముద్ర పడుతుంది. కొత్తలో ఒకసారి ఆ గ్లాసుని రెండు రోజులు కడగకుండా దాచుకుంది, ఎవరైనా వింటే నవ్వుతారని చెప్పుకోలేదు. ఇప్పుడా చేతులు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. పెళ్ళి ఫొటోలో ఉన్నట్టున్నాయి.

"ఏ లిఫ్టు బాగుచేశావు?"

అతను పొట్లం విప్పడంలో మునిగిపోయాడు. పాత బిల్డింగు అన్నాడు. పెద్ద పని కాదన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, తిప్పి, గోళ్ళు అతనికే చూపించింది.

మగాడికి అబద్ధం చెప్పడం చేతకాకపోవడం మంచి లక్షణమేనని పుట్టింట్లో వదినలు అంటుంటారు. అతను రెండు నిమిషాల్లో కక్కేశాడు. అన్నయ్య దగ్గరికి వెళ్ళాడు. అమ్మ పంపించింది. పిల్ల సాయంత్రం ఫోనులో ఏదైనా అడుగుతుంది, ఏం చెప్పాలో వాడికి చెప్పిరా అంది. అందుకని వెళ్ళి, ఓడ ఇంకా చాలా దూరం పోవాలి అని చెప్పమని చెప్పొచ్చాడు.

ఇదే మొదటిసారా అని ఆమె అడిగింది. కాదు. నెలకోసారి వెళ్తూనే ఉన్నాడు.

"అంటే నువ్వు పోస్టుమాను పని చేస్తున్నావు. ఇక్కడి అబద్ధాలు అక్కడికి, అక్కడివి ఇక్కడికి."

"వాడు నా అన్నయ్యే."

"అక్క నీకేమవుతుంది?"

అతను దండెం మీది క్లిప్పు ఒకటి తీసి పెట్టి, మళ్ళీ తీశాడు. నలుసు కోసమే చేశామన్నాడు. ఫోను పెట్టేశాక అది ఎంత ఎగిరేదో నువ్వు చూడలేదా అన్నాడు. ఓడ మీద గాలి వినపడాలని మొదటివారం వాణ్ణి ఫ్యాను పక్కన కూర్చుని మాట్లాడమని చెప్పింది కూడా నేనేనన్నాడు. అది చెప్పేటప్పుడు అతని గొంతులో కాస్త గొప్ప కూడా ఉంది.

చిన్నకోడలికి ఫక్కున నవ్వొచ్చింది. క్రేను నడిపే మనిషి, క్యాంటీనావిడ ఇంట్లో, బల్ల ఫ్యాను ముందు మొహం పెట్టుకుని, చేపలొచ్చాయి నలుసూ అంటుండటం కళ్ళకి కట్టింది. మరుక్షణం, నవ్వినందుకు తన మీదే అసహ్యమేసింది. అదే ఊపులో కోపం రెండింతలైంది.

"నలుసు నవ్వాలని చేశారా? మిమ్మల్ని ఎవర్నీ అది ఏమీ అడగకూడదని చేశారు. అక్క కుట్టింది నాలుగు కాగితాలు. మీరంతా కలిసి మనిషినే కుట్టేశారు."

"నెమ్మదిగా మాట్లాడు. వదిన వింటుంది."

"వినకూడనివి నీ దగ్గర ఇంకా ఉన్నాయా?"

అతను పొట్లం గోడ మీద పెట్టాడు. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి తినకుండా వదిలేసిన మొదటి పొట్లం అదే. ఆమె గుడ్డలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. అతని చొక్కా దగ్గరికొచ్చేసరికి మడతపెట్టకుండా అతని భుజం మీద పడేసి లోపలికి వెళ్ళింది.

*

సాయంత్రం దీపాలు వెలిగించే వేళకి నలుసు బల్ల కింద నుంచి బయటికొచ్చింది. గుడ్డు ఒక చెక్క తిన్నది. పెద్దకోడలు దాని మొహం కడిగి, కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని జుట్టు దువ్వుతోంది. చిన్నకోడలు అదే గదిలో, ఎదురు గోడకి ఆనుకుని, యూనిఫారాల బొత్తాలు కుడుతోంది. ఎవరూ చెయ్యమనలేదు. వద్దని కూడా అనలేదు.

"అమ్మా, పిన్నిని తిట్టకు," అంది నలుసు.

దువ్వెన ఆగలేదు.

"నేనే విప్పమన్నాను. అమ్మకి చెప్పొద్దని కూడా నేనే అన్నాను."

అప్పుడు ఆగింది. పెద్దకోడలు తలెత్తి తోడికోడలి వైపు చూసింది. చిన్నకోడలు బొత్తాం మీంచి కళ్ళు ఎత్తలేదు.

"నువ్వెందుకు విప్పమన్నావు?"

"అవి అమ్మ పేజీలని నాకు తెలుసు. నేను విప్పితే నువ్వు ఏడుస్తావు. పిన్ని కొత్త కదా, పిన్నిని ఏమీ అనవనుకున్నాను."

తల్లి చేతుల్లో జడ మూడు పాయలుగానే ఉంది.

"నువ్వు కుట్టేసిన చోటల్లా నాన్నే ఉంటాడా అమ్మా?"

 ఈ పిల్ల ఎన్నాళ్ళ నుంచి ఆ కుట్లని వేళ్ళతో తడుముతోందో, విప్పకుండా ఎలా ఓర్చుకుందో, చిన్నకోడలికి అంతుపట్టలేదు. మెత్తటి మనసున్న పిల్ల, మెత్తటి మనసున్న పిల్ల అని ఇల్లంతా చుట్టూ దూది పరుస్తున్నారు. ఆ పిల్లేమో వీళ్ళందరికీ దూది పరుస్తూ వచ్చింది.

పెద్దకోడలు జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.

ఫోను మోగింది.

అత్తగారు ఎక్కడి నుంచి వచ్చారో, ఒక్క అంగలో వచ్చి ఫోను తీశారు. బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కారు. వెనకే చిన్నకొడుకు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"మాట్లాడు నాన్నా, పిల్ల లైన్లోనే ఉంది," అన్నారు.

హోరుమని గాలి. ఆ గాలిలోంచి పెద్దకొడుకు గొంతు, మంచి హుషారుగా. ఏం నలుసూ, ఇవాళ ఇంతింత చేపలు ఎగిరాయి, నువ్వుంటే చప్పట్లు కొట్టేదానివి అన్నాడు. అన్నం తిన్నావా అన్నాడు. ఓడ ఇంకా చాలా దూరం పోవాలమ్మా, ఈసారి చాలా పెద్ద సముద్రం అన్నాడు. నేర్పిన పాఠం నేర్పినట్టు అప్పజెప్పాడు. చిన్నకోడలు మొగుడి వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు.

నలుసు ఫోను వైపు తిరగలేదు.  సగం జడతో తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నాన్న ఓడ మీద ఉన్నాడా?"

"ఉన్నాడు కదే తల్లీ, గాలి వినపడటం లేదూ," అని అత్తగారు అందుకున్నారు.

"నిన్ను కాదు నానమ్మా."

ఫోనులో చేపల సంగతి ఇంకా నడుస్తోంది. పెద్దకోడలు కూతురి మొహం రెండు చేతులతో పట్టుకుంది. పొద్దుటి నుంచీ మొహంలో రగులుతున్నదంతా ఇప్పుడు ఒకచోటికి వచ్చి నిలబడింది. దానికి గురి ఎవరో మొదటిసారి ఆమెకి స్పష్టంగా తెలిసినట్టుంది.

"లేడు," అంది.

అత్తగారు ఫోను కట్టేయడానికి చెయ్యి చాచారు. పెద్దకోడలు ఆ చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"ఉండనివ్వండి అత్తయ్యా. ఆయన్ని కూడా విననివ్వండి."

ఏమంటోందమ్మా, హలో, ఎవరు, ఏమైంది అంటున్నాడు అవతల. నలుసు ఆ గొంతు విననే లేదు.

"మరి ఎక్కడున్నాడు?"

"ఈ ఊళ్ళోనే. వేరే ఇంట్లో ఉంటున్నాడు. వచ్చెయ్యమని ఫోనులో చాలాసార్లు అడిగాను. రానన్నాడు."

"ఏ ఇల్లు?"

"నాకు తెలీదమ్మా. నేనెప్పుడూ వెళ్ళలేదు."

నలుసు నానమ్మని చూసింది. నానమ్మ మొహం తిప్పుకున్నారు. అప్పుడు గుమ్మం వైపు చూసింది.

"బాబాయ్, నీకు తెలుసా?"

అతను తలెత్తి భార్య వైపు చూశాడు. రక్షించమన్నట్టు చూశాడు. ఇన్నాళ్ళూ అతను అలా చూస్తే ఆమె కరిగిపోయేది. ఏదో ఒక మాట అడ్డం వేసి, మాట మార్చి, గట్టెక్కించేది. ఇప్పుడు ఆమె సూది పక్కన పెట్టి, తనూ అతని జవాబు కోసమే చూస్తూ కూర్చుంది. ఇతను ఇప్పుడు ఏమంటే దానితోనే తను ముందుముందు కాపురం చెయ్యాలి.

"తెలుసు," అన్నాడు అతను.

నలుసు లేచి వెళ్ళింది. తలుపు వెనక నుంచి చెప్పులు తెచ్చుకుని, గుమ్మంలో కూర్చుని, ఎడమది కుడికాలికి తొడుక్కుంది.

"పద బాబాయ్."

హలో, హలో అంటోంది ఫోను. తల్లి వినిపించుకోలేదు. చిన్నకొడుకు కదల్లేదు. అత్తగారు దారికి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. దీపాలు పెట్టే వేళ పసిపిల్లని ఆ ఇంటికి పంపిస్తావా, నీకేమైనా మతిపోయిందా అని పెద్దకోడల్ని అడిగారు. ఆమె వచ్చి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తొడుక్కున్న చెప్పు తీసింది. సరైన కాలికి మార్చి పట్టీ బిగించింది. రెండోదీ బిగించింది. అప్పుడు తలెత్తకుండానే మరిదిని అడిగింది.

"నీ బండి మీద ముగ్గురం పడతామా?"